నెత్తిన మోత.. నిద్రకు కోత!

మూడు రకాల బీపీ మందులు వాడుతున్నా అదుపులోకి రాని వారు ఓపీకి వస్తే నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. మందులు రోజూ వేసుకుంటున్నారా? ఉప్పు, ఊరగాయ తగ్గించారా? రాత్రి నిద్ర ఎలా పడుతోంది? మొదటి రెండింటికీ జవాబు తడుముకోకుండా వస్తుంది. అది నిజమా కాదా అన్నది వేరే సంగతి. మూడో ప్రశ్న దగ్గర మాత్రం చాలామంది కాస్త ఆగుతారు. పక్కనున్న భార్యో, కూతురో అందుకుని, ‘‘ఎక్కడి నిద్ర డాక్టరు గారూ, ఆ మోతలో!’’ అంటారు.

ఆ మోత ఒక్కొక్కరికి ఒక్కోటి. అబిడ్స్ చిరాగ్ అలీ లేన్‌లో దుకాణాల పైఅంతస్తుల్లో ఉండేవారికి హారన్లు. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఆటోలు, బస్సులు. బేగంపేట, రసూల్‌పురా, బోయిన్‌పల్లి వైపు నుంచి వచ్చేవారిలో కొందరు మాత్రం వేలు పైకి చూపిస్తారు. ‘‘పెద్ద విమానాలు పోయాయి కదా అని సంతోషించాం. చిన్నవి ప్రాణం తీస్తున్నాయి’’ అంటారు.

ఇది వినగానే చాలామందికి నవ్వొస్తుంది. వందలాది మందిని మోసుకెళ్లే విమానం కంటే ఇద్దరు కూర్చునే విమానం ఎక్కువ బాధ పెడుతుందా? పెడుతుంది. కారణం తెలియాలంటే ముందు శబ్దాన్ని ఎలా లెక్కపెడతారో చూడాలి.

సగటు చెప్పే అబద్ధం

మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. వాణిజ్య ప్రాంతాలకు అది 65, 55. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల వరకూ ‘నిశ్శబ్ద ప్రాంతం’. అక్కడ పగలు 50, రాత్రి 40. మా ఆస్పత్రి కిటికీ దగ్గర నిలబడి ఈ వాక్యం చదివితే ఎవరికైనా నవ్వు రావాల్సిందే. అబిడ్స్‌లో శబ్దాన్ని 24 గంటలూ కొలిచే కేంద్రం ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో దేశంలోని ఏడు నగరాల్లో మొదలుపెట్టిన కొలతల వ్యవస్థలో మన హైదరాబాద్ కూడా ఒకటి. అబిడ్స్‌ను వాణిజ్య ప్రాంతం కింద లెక్కిస్తారు. కానీ దుకాణం మీద ఇల్లున్నవాడి చెవి ‘ఇది వాణిజ్య ప్రాంతం’ అని సర్దుకుపోదు.

అసలు చిక్కు పరిమితిలో కాదు, లెక్కలో ఉంది. ఈ అంకెలన్నీ సగటులు. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా, అంటే 16 గంటల శబ్దాన్ని కలిపి ఒకే అంకెగా చెబుతారు.

ఒక ఉదాహరణ చూడండి. మీది 50 డెసిబెళ్ల ప్రశాంతమైన కాలనీ అనుకుందాం. ఉదయం ఒక గంటసేపు ఒక చిన్న విమానం ఆరు నిమిషాలకోసారి మీ డాబా మీదుగా వెళ్లింది. పది సార్లు. ప్రతిసారీ 20 సెకన్ల పాటు 75 డెసిబెళ్ల మోత. మాట్లాడుతున్నవారు ఆగిపోవాలి, టీవీ సౌండు పెంచాలి, పసిబిడ్డ ఉలిక్కిపడాలి. ఇప్పుడు 16 గంటల సగటు లెక్కగడితే ఎంతొస్తుందో తెలుసా? సుమారు 53. అంటే పరిమితిలోపే! కాగితం మీద మీ కాలనీ ప్రశాంతంగానే ఉంది.

సగటు నిద్రపోతున్న మనిషిని లేపదు. లేపేది ఆ ఒక్క మోతే.

అదే విమానం మళ్లీ మళ్లీ

ప్రయాణికుల విమానం మీ మీదుగా వెళ్తే వెళ్లిపోయినట్టే. శిక్షణ విమానం అలా కాదు. వాణిజ్య పైలట్ లైసెన్సు కావాలంటే మన దేశంలో 200 గంటలు విమానం నడపాలి. అందులో ముఖ్యమైన సాధన ఎగరడం, దిగడం. రన్‌వే మీద చక్రాలు ఆనించి, ఆగకుండా మళ్లీ లేచి, సుమారు వెయ్యి అడుగుల ఎత్తున ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగడం. ఒక చుట్టుకు ఆరేడు నిమిషాలు. ఆ చుట్టు కింద మీ ఇల్లుంటే, పొద్దున్నంతా ఒకే విమానం మీ ఇంటి మీద గానుగెద్దులా తిరుగుతున్నట్టే. పైగా ప్రొపెల్లర్ మోత ఒకే శ్రుతిలో సాగే గురగుర. ట్రాఫిక్ హోరు మధ్య కూడా చెవి దాన్ని వేరు చేసి పట్టుకుంటుంది.

బేగంపేట విమానాశ్రయం నిజాం కాలం నాటిది. అప్పట్లో దాని చుట్టూ ఇళ్లు తక్కువ, ఖాళీ నేల ఎక్కువ. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఇక్కడ ప్రయాణికుల రాకపోకలు ఆగాయి. కానీ రన్‌వే ఆగలేదు. ప్రముఖుల హెలికాప్టర్లు, ప్రైవేటు జెట్లు, వాయుసేన విమానాలు, శిక్షణ విమానాలు, రెండేళ్లకోసారి వైమానిక ప్రదర్శన.. ఇలా నడుస్తూనే ఉంది. నగరానికి ఉత్తరాన హకీంపేట, దుండిగల్‌లలో వాయుసేన శిక్షణ ఉంది. ఒకప్పుడు పొలాల మధ్య ఉన్న ఆ స్థావరాల చుట్టూ ఇప్పుడు కాలనీలు, అపార్టుమెంట్లు. ముందు ఎవరు వచ్చారన్న వాదన మొదలుపెడితే తెగదు. డాక్టరుగా నాకు ఆ వాదన అక్కర్లేదు కూడా. అక్కడ ఇప్పుడు పసిపిల్లలు, ముసలివారు, గుండె జబ్బు ఉన్నవారు నిద్రపోతున్నారు. నాకు అదొక్కటే లెక్క.

మోతకు భయం తోడైతే బాధ ఇంకా పెరుగుతుంది. 2010 మార్చి 3న బేగంపేటలో వైమానిక ప్రదర్శన జరుగుతుండగా నౌకాదళ విన్యాసాల విమానం ఒకటి బోయిన్‌పల్లిలో ఇళ్ల మధ్య కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. 2019 అక్టోబరులో బేగంపేట నుంచి బయల్దేరిన శిక్షణ విమానం వికారాబాద్ జిల్లాలో కూలి ఇద్దరు శిక్షణార్థులు ప్రాణాలు కోల్పోయారు. అవి గుర్తున్నవారికి ఇంజన్ శబ్దం కాస్త తేడాగా వినిపించినా గుండె జల్లుమంటుంది. ‘మీరు ఎక్కువగా ఆలోచిస్తున్నారు’ అని వారిని తీసిపారేయకూడదు. ఒకే స్థాయి మోత భయమున్న మనిషిని ఎక్కువ బాధిస్తుందని పరిశోధనలూ చెబుతున్నాయి.

మీరు నిద్రలో ఉన్నా.. గుండె వింటుంది

‘నాకు అలవాటైపోయిందండీ’ అనేవారు చాలామంది. మనసుకు అలవాటవుతుంది, నిజమే. శరీరానికి అంతగా కాదు. చెవికి రెప్పలు లేవు. నిద్రలో కూడా శబ్దం మెదడుకు చేరుతుంది. ఆదిమానవుడికి రాత్రిపూట చప్పుడంటే ప్రమాదం. మన నాడీ వ్యవస్థ ఇప్పటికీ అదే పాఠం చదువుతోంది. మోత వినగానే అడ్రినలిన్, కార్టిసాల్ విడుదలవుతాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. మీకు మెలకువ రాకపోవచ్చు, తెల్లారి ఏమీ గుర్తుండకపోవచ్చు. బీపీ మాత్రం పెరిగి తగ్గుతుంది.

యూరప్‌లో నాలుగు విమానాశ్రయాల దగ్గర 140 మంది నిద్రపోతుండగా రాత్రంతా బీపీ కొలిచారు. విమానం వెళ్లినప్పుడల్లా పై అంకె సగటున 6 పాయింట్లు పెరిగింది. ఒక్క రాత్రికి ఇది పెద్ద విషయం కాదు. ఏళ్ల తరబడి జరిగితే? ఆరు యూరప్ విమానాశ్రయాల చుట్టూ కనీసం ఐదేళ్లుగా ఉంటున్న 45-70 ఏళ్ల వారిని, దాదాపు 4,900 మందిని పరీక్షించిన ‘హైనా’ అనే అధ్యయనం 2008లో వెలువడింది. రాత్రి విమాన శబ్దం 10 డెసిబెళ్లు పెరిగిన కొద్దీ అధిక రక్తపోటు ఉండే అవకాశం 14 శాతం ఎక్కువగా కనిపించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో విమాన శబ్దం రాత్రి 40 డెసిబెళ్లలోపు ఉండాలని చెప్పింది. రోడ్డు శబ్దానికి 45 దాకా ఒప్పుకున్న సంస్థ విమానానికి ఇంకా తగ్గించిందని గమనించండి. రెండు మోతలూ ఒకే స్థాయిలో ఉన్నా విమానం మోతే మనిషిని ఎక్కువ కలవరపెడుతుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మీకు బీపీ వచ్చింది విమానం మోత వల్లే అని ఏ డాక్టరూ చెప్పలేరు. వంశపారంపర్యం, బరువు, ఉప్పు, పొగాకు, మధుమేహం.. వీటన్నిటి పక్కన శబ్దం కూడా ఒకటి. మందు మానేసి మోత మీద నెపం పెట్టే వారికి ఈ వ్యాసం చూపించకండి.

వినికిడి పోతుందా అని కూడా అడుగుతుంటారు. ఇళ్ల మీదుగా వెళ్లే విమానం వల్ల సాధారణంగా పోదు. చెవికి ప్రమాదం 85 డెసిబెళ్లకు పైన గంటల తరబడి ఉంటే. ఆ మాటకొస్తే పెళ్లి ఊరేగింపులో డీజే బాక్సు ముందు గంతులేసే మీ అబ్బాయి చెవులే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాయి. వంద డెసిబెళ్ల దగ్గర సురక్షితమైన సమయం పావుగంటే.

పిల్లల చదువు మీద

పెద్దల బీపీ కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది పిల్లల చదువు. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్ విమానాశ్రయాల చుట్టుపక్కల బడుల్లో 9, 10 ఏళ్ల పిల్లలు 2,800 మందికి పైగా పాల్గొన్న అధ్యయనం 2005లో ‘లాన్సెట్’లో వచ్చింది. విమాన శబ్దం పెరిగిన కొద్దీ చదివింది అర్థం చేసుకునే శక్తి తగ్గింది. బ్రిటన్ పిల్లల్లో 5 డెసిబెళ్ల పెరుగుదలకు రెండు నెలల వెనకబాటు.

మ్యూనిక్ ఉదంతం ఇంకా ఆసక్తికరం. మనం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినట్టే ఆ నగరం 1992లో పాత విమానాశ్రయం మూసి కొత్తది తెరిచింది. పరిశోధకులు ముందే సిద్ధంగా ఉండి రెండు చోట్లా పిల్లలను పరీక్షించారు. పాత విమానాశ్రయం దగ్గరి పిల్లల్లో జ్ఞాపకశక్తి, చదివే నేర్పు మెరుగయ్యాయి. కొత్తదాని దగ్గరి పిల్లల్లో అవే తగ్గాయి. అంటే నష్టం శాశ్వతం కాదు. మోత తగ్గితే పిల్లలు కోలుకుంటారు. నాకు ఈ అంశం మీద నచ్చిన పరిశోధన ఇదే.

శబ్దంతో పాటు సీసం

చిన్న విమానాల గురించి చెప్పేటప్పుడు ఇంకో విషయం వదిలేయలేం. పెద్ద జెట్లు కిరోసిన్ లాంటి ఇంధనంతో నడుస్తాయి. పిస్టన్ ఇంజన్ ఉన్న చాలా చిన్న విమానాలు ‘ఆవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్’ అనే పెట్రోలు వాడతాయి. ఎల్‌ఎల్ అంటే ‘తక్కువ సీసం’. తక్కువ అంటే లేదని కాదు. మన కార్ల, స్కూటర్ల పెట్రోలు నుంచి సీసాన్ని 2000 నాటికే తీసేశాం. ఆకాశంలో ఇంకా మిగిలే ఉంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ‘ఇంతవరకు ఫరవాలేదు’ అనదగ్గ స్థాయి ఏదీ లేదు.

మనవాళ్లు వేల సంఖ్యలో ఉండే కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రీడ్-హిల్‌వ్యూ అనే చిన్న విమానాశ్రయం ఉంది. దాని చుట్టుపక్కల పిల్లల రక్తపరీక్షలు 17 వేలకు పైగా పరిశీలించిన నివేదిక 2021లో వచ్చింది. రన్‌వేకు దగ్గరగా, గాలి వీచే దిక్కున ఉన్న ఇళ్లలోని పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా తేలింది. స్థానికులు పట్టుబట్టారు. అక్కడి శాంతాక్లారా కౌంటీ 2022 జనవరి 1 నుంచి తన విమానాశ్రయాల్లో సీసం కలిసిన ఇంధనం అమ్మకాన్ని ఆపేసింది. 2023 అక్టోబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈ విమానాల సీసం ప్రజారోగ్యానికి ముప్పేనని తేల్చింది. ఇది చదివి పిల్లలందరినీ పరీక్షలకు పరిగెత్తించకండి. రన్‌వేకు అతి దగ్గరగా ఉంటూ, పిల్లల మాటలో, చదువులో, ప్రవర్తనలో తేడా కనిపిస్తే పిల్లల డాక్టరుతో ఈ మాట ప్రస్తావించండి, చాలు. తినేముందు చేతులు కడిగించడం, ఇంట్లో దుమ్మును తడిగుడ్డతో తుడవడం ఎలాగూ మంచిదే.

ఇంట్లో చేయగలిగింది

పడకగదిని రన్‌వే వైపు నుంచి లోపలి గదికి మార్చగలిగితే అంతకు మించిన మందు లేదు. కిటికీ చట్రాల సందులు రబ్బరు పట్టీతో మూస్తే చాలా శబ్దం ఆగుతుంది. మందపాటి పరదాలు గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి కానీ బయటి మోతను పెద్దగా ఆపవు. ఫ్యాను చప్పుడు కొందరికి మేలు చేస్తుంది, ఉన్నట్టుండి వచ్చే మోతకూ నిశ్శబ్దానికీ మధ్య తేడా తగ్గిపోతుంది కాబట్టి. నురుగు ఇయర్ ప్లగ్గులు మెత్తగా నలిపి సరిగ్గా పెట్టుకుంటే బాగా పనిచేస్తాయి. చెవిలో చీము, గులిమి సమస్య ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగే వాడాలి. చిన్నపిల్లలకు వద్దు.

నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి అల్‌ప్రజోలం లాంటి మాత్రలు తెచ్చుకోకండి. రెండు వారాలు నిద్ర పడుతుంది, ఆ తర్వాత మాత్ర లేకపోతే పట్టదు. పెద్ద వయసువారు రాత్రి లేచి తూలి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం వార్డుల్లో చూస్తూనే ఉంటాం.

బీపీ ఉన్నవారు ఇంట్లో మిషన్‌తో వారం రోజులు ఉదయం, రాత్రి రెండేసి సార్లు చూసి రాయండి. పక్కనే ఆ రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో కూడా. మందు మార్చాలా, పడకగది మార్చాలా అన్నది ఆ కాగితం చూశాకే తెలుస్తుంది.

కాలనీ కలిస్తే

ఒక ఇంటి ఫిర్యాదు చిరాకు కింద లెక్క. ఇరవై ఇళ్లవారు ఒకే పద్ధతిలో రాసిన పట్టిక సాక్ష్యం. అమెరికాలోని శాంటా మోనికా నగరవాసులు చిన్న విమానాశ్రయం మోత మీద దశాబ్దాల పాటు పోరాడారు. వారు సాధించిన వాటిలో నాకు ముఖ్యంగా కనిపించేది సగటును వదిలి ఒక్కో విమానం మోతకు విడిగా పరిమితి పెట్టించుకోవడం. రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా, వారాంతాల్లో 8 దాకా విమానాలు ఎగరకూడదన్న నియమం ఉంది. 2017లో కేంద్ర ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం తర్వాత రన్‌వేను 3,500 అడుగులకు కుదించారు. 2028 చివర్లో విమానాశ్రయాన్నే మూసేసుకునే హక్కు నగరానికి దక్కింది.

అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో వెన్నుపూస గాయాలకు చికిత్స చేసే ఆస్పత్రి ఒకటి విమానాల మోత మీద జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. మన జూబ్లీహిల్స్‌లో పబ్బుల మోత భరించలేక కాలనీవాసులు హైకోర్టు గడప ఎక్కారు. రాత్రి 10 తర్వాత సంగీతం వినిపించకూడదని 2022 సెప్టెంబరులో ఆదేశం వచ్చింది. తర్వాత అది కొన్ని పబ్బులకే పరిమితమైంది. అయినా పోలీసులు తిరగడం మొదలైంది. అబిడ్స్, మోజంజాహీ మార్కెట్ మీదుగా సాగే ఊరేగింపుల డీజేలపై 2024 అక్టోబరులో నగర పోలీసు కమిషనర్ నిషేధం విధించారు. విమానాన్ని తిట్టే మనమే సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడకముందే హారన్ నొక్కుతాం.. అది వేరే వ్యాసం.

విమానాల విషయంలో మన చట్టంలో ఒక పెద్ద సందు ఉంది. 2018 జూన్‌లో కేంద్రం విమానాశ్రయాల చుట్టూ శబ్ద పరిమితులు ప్రకటించింది. రద్దీ విమానాశ్రయాలకు పగలు 70, రాత్రి 65. మిగతావాటికి 65, 60. కానీ ఏడాదికి 15 వేలకు మించి పౌర విమానాల రాకపోకలు ఉన్నచోటే ఇవి వర్తిస్తాయి. రక్షణ శాఖ విమానాలు వీటి కిందికి రావు. చిన్న రన్‌వేల పక్కన ఉండేవారికి ఈ పరిమితి దక్కుతుందా లేదా అన్నది ఆ రాకపోకల అంకె మీదే ఆధారపడి ఉంది.

అందుకే మొదట తెలుసుకోవాల్సింది ఆ అంకె. బేగంపేట విమానాశ్రయాన్ని నడిపే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు. గత మూడేళ్లలో ఏటా పౌర విమానాల రాకపోకలు ఎన్ని, వాటిలో శిక్షణవి ఎన్ని, శిక్షణకు అనుమతించిన వేళలు ఏవి, శబ్ద కొలతలు తీశారా అని నాలుగు ప్రశ్నలు అడగండి. ఈలోగా ఇరవై ఇళ్లవారు నెల రోజులు తేదీ, సమయం, ఏ దిక్కు నుంచి, ఎన్ని సెకన్లు అని రాయండి. ఫ్లైట్‌రాడార్ లాంటి యాప్‌లో కనిపిస్తే ‘వీటీ’తో మొదలయ్యే విమానం నంబరు కూడా. ఫోన్‌లోని డెసిబెల్ యాప్ కోర్టులో నిలబడకపోవచ్చు, కానీ ఏ రోజు ఎక్కువో చెప్పడానికి పనికొస్తుంది.

ఆ పట్టికతో విమానాశ్రయ డైరెక్టరును, పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ కార్యాలయాన్ని కలవండి. కేంద్రం నడిపే ‘ఎయిర్ సేవ’లో కూడా నమోదు చేయండి. విమానాశ్రయం మూసేయమని అడిగితే ఎవరూ వినరు. చుట్టు తిరిగే దిక్కును వారానికోసారి మార్చమనండి. ఉదయం 7కు ముందు, రాత్రి 9 తర్వాత చుట్లు వద్దనండి. పదో తరగతి, ఇంటర్ పరీక్షలు జరిగే వారాల్లో పొద్దుటిపూట సాధనను మధ్యాహ్నానికి మార్చమనండి. ఆ నెలల టైంటేబుల్ కాపీ దరఖాస్తుకు జత చేయడం మరచిపోవద్దు.